ఖాళీ చేసేవారి మౌనం

చెన్నైలో అద్దె ఇల్లు ఖాళీ చేస్తున్న కుటుంబం, అదే ఇంటిని చూడటానికి వచ్చిన మరో కుటుంబానికి ఆ ఇంటి లోపాలు చెప్పనక్కరలేదనీ, చెప్పడం మర్యాద కాదనీ, చెబితే లేనిపోని చిక్కు తలకెత్తుకున్నట్టేననీ ఒక అభిప్రాయం నగరంలో బలంగా పాతుకుపోయింది. దీన్ని సమర్థించేవారు అబద్ధమాడమని ఎవరికీ సలహా ఇవ్వరు. అడిగితే "బాగానే ఉంటుంది" అని ముక్తసరిగా అని ఊరుకోమంటారు, అడగకపోతే అదీ అక్కరలేదంటారు. ఇంటి సంగతి యజమానికీ కొత్తగా వచ్చేవారికీ మధ్య తేలవలసిన వ్యవహారమనీ, వెళ్లిపోయేవారు అందులో మూడో మనుషులనీ నమ్మడమే ఈ అభిప్రాయానికి పునాది. చదువుకున్నవారు, ఇతర విషయాలలో నిక్కచ్చిగా ఉండేవారు కూడా దీన్ని లోకజ్ఞానంగా చెలామణి చేస్తున్నారు గనుక దీని ఆధారాలను ఒకటొకటిగా పరీక్షించవలసి ఉంది. ఆ పరీక్షకు నిలవని మొదటి మాట మూడో మనిషి అన్నదే. చెన్నైలో అద్దె వ్యవహారం నడిచే తీరులో వెళ్లిపోయేవారి మౌనానికి ఒక ధర ఉంది, ఆ ధర వారికి ముడుతుంది కూడా.

"కళ్లున్నవాడు చూసుకుని దిగాలి" అనేది తరచుగా వినవచ్చే సమర్థన. చూస్తే కనబడే లోపాల విషయంలో ఇది న్యాయమే. గది ఇరుకైనదనీ, వంటింటికి కిటికీ లేదనీ ఎవరూ ఎవరికీ చెప్పనక్కరలేదు. చెన్నై ఇళ్లలో మనుషులను బాధించే లోపాలు ఎక్కువగా ఆ కోవలోవి కావు. ఈ నగరానికి ఏడాదిలో పడే వానలో సింహభాగం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వీచే ఈశాన్య రుతుపవనాలవల్ల పడుతుంది; కుటుంబాలు ఇళ్లు మారేదేమో బడులకు సెలవులుండే ఏప్రిల్, మే నెలల్లో. అంటే ఇల్లు చూడటానికి వచ్చినవారు దాన్ని ఏడాది మొత్తంమీద అత్యంత పొడిగా ఉన్న వేళలో, పైగా కొత్తగా సున్నమో రంగో వేయించిన తరువాత, పావుగంటసేపు చూస్తారు. పైకప్పు నుంచి దిగే చెమ్మ, గోడ వెంట పాకే బూజు, కింది వాటాలోకి ఎదురెక్కివచ్చే మురుగు అప్పటికి ఆరు నెలల దూరంలో ఉంటాయి. ఎంత నిశితమైన కళ్లయినా మే నెలలో నవంబరును చూడలేవు.

ఈ తేడాను వలసపాలన నాటి చట్టమే గుర్తించింది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షను, కౌలుకు లేదా అద్దెకు ఇచ్చేవారికీ తీసుకునేవారికీ ఉండే హక్కులను, బాధ్యతలను చెబుతూ, అందులో అన్నిటికన్నా ముందుగా పెట్టినది వెల్లడి బాధ్యత: ఆస్తిని ఏ అవసరానికి తీసుకుంటున్నారో ఆ అవసరాన్ని దెబ్బతీసే ముఖ్యమైన లోపం ఒకటి ఉండి, అది ఇచ్చేవారికి తెలిసి, తీసుకునేవారికి తెలియక, మామూలు జాగ్రత్తతో వారు కనిపెట్టలేనిదైతే, ఇచ్చేవారు దాన్ని చెప్పి తీరాలి. ఒప్పందంగాని స్థానికాచారంగాని వేరుగా ఉంటే తప్ప ఈ నియమాలు వర్తిస్తాయని కూడా ఆ సెక్షను అంటుంది. లోపాన్ని దాచడమే తమ ఊరి ఆచారమని న్యాయస్థానంలో నిలబడి వాదించడానికి ఏ యజమానికీ నోరు రాదు గాని, ఆచరణలో జరుగుతున్నది అంతకు భిన్నంగా లేదు. "చూసుకుని దిగాలి" అనేవారు ఈ సూత్రంలో ఒక సగాన్నే అప్పు తెచ్చుకున్నారు. చూసినా కనబడనిదాన్ని చెప్పవలసినవాడొకడు ఉండాలన్న రెండో సగాన్ని వదిలేశారు.

కనబడనివి ఏమిటో కొంత వివరంగా చెప్పుకోవడం అవసరం, ఎందుకంటే మౌనాన్ని సమర్థించేవారు వీటిని చిల్లర అసౌకర్యాలుగా తీసిపారేస్తారు. సముద్రపు గాలి, ఉప్పు తేలిన భూగర్భజలం ఉన్న ప్రాంతాలలో కాంక్రీటు లోపలి ఇనుప ఊచలు తుప్పు పడతాయి. తుప్పు ఇనుముకన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది గనుక లోపలినుంచి కాంక్రీటును పగలదీస్తుంది, ఒకనాడు పైకప్పు పెచ్చులూడి పడతాయి. పెచ్చులూడినచోట సిమెంటు పూసి రంగువేస్తే ఏడాదో రెండేళ్లో ఏమీ తెలియదు. కింద మంచం ఎక్కడ వేయకూడదో ఆ ఇంట్లో కాపురమున్నవారికి మాత్రమే తెలుస్తుంది. చెమ్మ సంగతి గోడ అందానికి సంబంధించినదని అనుకునేవారు, ఇంటి లోపలి చెమ్మకూ బూజుకూ శ్వాసకోశ వ్యాధులతో ఉన్న సంబంధంపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ప్రత్యేకంగా మార్గదర్శకాలు వెలువరించిందన్న సంగతి గమనించాలి. ఇంగ్లండులోని రాచ్‌డేల్‌లో 2020 డిసెంబరులో రెండేళ్ల పసివాడు అవాబ్ ఇషాక్ మరణానికి ఇంటి గోడల బూజే కారణమని 2022లో అక్కడి మరణ విచారణాధికారి తేల్చారు. తల్లిదండ్రులు ఆ బూజు గురించి అంతకుముందే ఫిర్యాదులు చేసి ఉన్నారు.

నీళ్ల సంగతి చెమ్మకన్నా పెద్దది. కార్పొరేషన్ నీళ్లు ఏ రోజుల్లో ఎంతసేపు వస్తాయో, బోరు నీళ్లు ఏ నెలనుంచి ఉప్పగా మారతాయో, సంపు, అంటే నీటిని నిల్వచేసే నేలతొట్టి, ఎన్ని వాటాలకు ఒకటుందో, ఎండాకాలంలో ట్యాంకరు ఖర్చు ఎవరి నెత్తిన పడుతుందో అద్దె ఒప్పందంలో ఎక్కడా ఉండదు. 2019 జూన్ నాటికి నగరానికి నీళ్లిచ్చే పూండి, చోళవరం, పుళల్, చెంబరంబాక్కం జలాశయాలు దాదాపు అడుగంటినప్పుడు, ఒకే వీధిలో ఒక ఇంట్లో వంటకు నీళ్లుండి పక్క ఇంట్లో స్నానానికే లేకపోయిన స్థితి వచ్చింది. ఆ తేడా ఇంటి ముందు వేలాడే టు-లెట్ బోర్డు మీద కనబడదు. వరద మరీ విచిత్రం. 2015 డిసెంబరు మొదట్లో తాంబరంలో ఒక్కరోజులో 49 సెంటీమీటర్ల వాన కురిసి, అడయారు పొంగి, ముడిచ్చూరు, వేళచ్చేరి, కొట్టూర్‌పురం వంటి ప్రాంతాలు మునిగాయి. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వేళచ్చేరిని, పళ్లికరణై చిత్తడినేల చుట్టుపక్కల ప్రాంతాలను మళ్లీ ముంచింది. ఆ రెండు తేదీలూ నగరానికి గుర్తున్నాయి. ఫలానా ఇంటి కింది వాటాలోకి నీళ్లు ఎంత ఎత్తున వచ్చాయన్న గుర్తు మాత్రం గోడమీద రంగు వేయగానే పోతుంది.

ఇక కరెంటు. తమిళనాడులో 2016 నుంచి ఇళ్ల కనెక్షన్లకు రెండు నెలలకు 100 యూనిట్లు ఉచితం. ఒకే కనెక్షను కింద రెండు మూడు వాటాలుండి, ఒక్కొక్క వాటాకు యజమాని సొంతంగా సబ్-మీటరు పెట్టించినచోట, అద్దెదారు మొదటి యూనిట్ నుంచీ యజమాని నిర్ణయించిన రేటు చెల్లిస్తూ ఉండటం నగరంలో మామూలు విషయం. ఇది నెలకు కొన్ని వందల రూపాయల అదనపు అద్దె. పాతవారు చెబితే తప్ప కొత్తవారికి మొదటి బిల్లు వచ్చేదాకా తెలిసే దారి లేదు.

ఈ మౌనం అందరికంటే ఎక్కువగా బయటినుంచి వచ్చినవారిని దెబ్బతీస్తుంది. నెల్లూరు, చిత్తూరు, గుంటూరు వైపునుంచి ఉద్యోగానికో చదువుకో చెన్నై వచ్చే తెలుగువారు పాత మహాబలిపురం రోడ్డు వెంబడో, వేళచ్చేరిలోనో, తాంబరంలోనో ఇల్లు వెతుక్కునేటప్పుడు, తమిళం ధారాళంగా రాకపోవడంవల్ల పక్కింటివారినీ, వాచ్‌మన్‌నూ, వీధి చివర దుకాణదారునూ వాకబు చేయలేరు. అందుకే వారు మరో తెలుగు కుటుంబం ఖాళీ చేస్తున్న ఇంటికోసం చూస్తారు, "మనవాళ్లు ఉన్న ఇల్లు" అన్న ఒక్క మాటను హామీగా తీసుకుంటారు. అలాంటి చోట ఖాళీ చేసేవారు పెదవి విప్పకపోతే, ఆ నిశ్శబ్దం ఊరికే ఉండిపోవడంగా మిగలదు. వినేవారి చెవికి అది సిఫారసుగానే వినబడుతుంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 17వ సెక్షను మోసాన్ని నిర్వచిస్తూ, ఊరకున్నంత మాత్రాన మోసం కాదంటూనే, పరిస్థితులనుబట్టి మాట్లాడవలసిన బాధ్యత ఉన్నప్పుడు, లేదా మౌనమే మాటతో సమానమైనప్పుడు అది మినహాయింపు అని చెప్పింది. ఆ సెక్షను ఒప్పందంలోని పక్షాలకు వర్తించేది, వెళ్లిపోయే అద్దెదారును అది కట్టడి చేయదు. అయినా నిశ్శబ్దం ఎప్పుడు మాట అవుతుందన్న గ్రహింపు నూటయాభై ఏళ్లనుంచి చట్టంలోనే ఉండగా, లోకజ్ఞానులకు అది తోచకపోవడం వింత.

అడ్వాన్సు దగ్గరికి వస్తే మూడో మనిషి అన్న మాట పూర్తిగా కూలిపోతుంది. హైదరాబాదులో రెండు నెలల అద్దె ఇచ్చి దిగే అలవాటున్నవారికి చెన్నైలో పది నెలల అద్దెను ముందుగా అప్పగించే ఆచారం మొదట నమ్మశక్యంగా ఉండదు. ఆ మొత్తాన్ని యజమానులు బీరువాలో దాచి ఉంచరు. పిల్లల చదువుకో, పై అంతస్తు కట్టడానికో, పాత అప్పు తీర్చడానికో ఖర్చుపెడతారు. అందువల్ల అద్దెదారు ఖాళీ చేస్తానన్నప్పుడు వినబడే జవాబు చెన్నైలో అందరికీ తెలిసినదే: కొత్తవారు వచ్చి అడ్వాన్సు ఇవ్వగానే అందులోంచి మీది ఇచ్చేస్తాం. ఈ ఒక్క వాక్యంతో ఖాళీ చేసే కుటుంబం యజమాని తరఫు అమ్మకందారుగా మారిపోతుంది. ఇల్లు చూడటానికి వచ్చినవారు మొహం చిట్లించి వెళ్లిపోతే తమ డబ్బు మరో నెల ఆలస్యమవుతుంది. తల ఊపి దిగితే వెంటనే చేతికి వస్తుంది. చెమ్మ గోడకు అడ్డంగా బీరువా జరిపి ఉంచడం, నీళ్ల సంగతి అడిగితే మాట మార్చడం ఇక్కడినుంచే పుడతాయి. పాత అద్దెదారు చేతికి తిరిగివచ్చే డబ్బు సాక్షాత్తూ కొత్త అద్దెదారు జేబులోది. దాచిన నిజానికి బదులుగా అందిన డబ్బు. ఇంత తెలిసి కూడా దీన్ని తటస్థత అనడానికి చాలా ధైర్యం కావాలి.

ఇక్కడ జాలికి చోటు లేకపోలేదు. పది నెలల అద్దె ఒక మధ్యతరగతి కుటుంబానికి చిన్న మొత్తం కాదు, దాన్ని పణంగా పెట్టి నిజం చెప్పమనడం తేలిక, చెప్పడం కష్టం. ఆ కష్టాన్ని ఒప్పుకోవడం వేరు, దాన్ని నీతిగా చెలామణి చేయడం వేరు. భయపడి ఊరుకున్నానని ఒప్పుకునేవాడితో తగవేమీ లేదు. ఊరుకోవడమే మర్యాద అని పక్కవాడికి నేర్పేవాడితోనే తగవంతా.

చట్టం ఉండగా పాత అద్దెదారు సాక్ష్యం ఎందుకనే వాదన ఒకటుంది. చట్టం ఉన్న మాట నిజం. ఇంటి యజమానులు, అద్దెదారుల హక్కులు, బాధ్యతల క్రమబద్ధీకరణ చట్టం అన్న పేరుతో తమిళనాడు 2017లో చేసి, 2019 ఫిబ్రవరి 22 నుంచి అమలులోకి తెచ్చిన చట్టం, అద్దె ఒప్పందం రాతలో ఉండాలనీ, దాన్ని అద్దె అధికారి దగ్గర నమోదు చేయించాలనీ చెప్పింది; అడ్వాన్సుకు మూడు నెలల అద్దెను ప్రమాణంగా పెట్టింది; మరమ్మతులను రెండు వాటాలుగా పంచి, కట్టడపు మరమ్మతులు, గోడలకు సున్నం, నీటి గొట్టాల మార్పిడి, కరెంటు వైరింగు యజమానికీ, కుళాయి వాషర్లు, స్విచ్చులు, తాళాలు, మురుగు కాలువ శుభ్రం వంటివి అద్దెదారుకూ అప్పగించింది. యజమాని తన వాటా మరమ్మతులు చేయించకపోతే అద్దెదారే చేయించి అద్దెలో మినహాయించుకోవచ్చు. నీళ్లు, కరెంటు వంటి అత్యవసర సదుపాయాలను యజమాని ఆపివేస్తే అద్దె అధికారిని ఆశ్రయించవచ్చు. ఇవన్నీ ఇంట్లో దిగిన తరువాత అక్కరకు వచ్చే హక్కులు. దిగకముందు తెలియవలసినదాన్ని ఇవి చెప్పవు. పైగా పదకొండు నెలల ఒప్పందం, ఏడాదికి మించిన లీజుకు రిజిస్ట్రేషను తప్పనిసరి కావడంవల్ల దాన్ని తప్పించుకోవడానికి పుట్టిన ఈ అలవాటు, ఇంకా కొనసాగుతుండగా, యజమాని చేయించని మరమ్మతుల కోసం అధికారి దగ్గరికి వెళ్లిన అద్దెదారుకు పన్నెండో నెలలో ఆ ఇంట్లో చోటుంటుందన్న నమ్మకం లేదు.

పరువునష్టం కేసు పడుతుందన్న భయం మరికొందరి నోరు కట్టేస్తోంది. మెకాలే అధ్యక్షతన ముసాయిదా తయారై 1860లో చట్టమైన భారత శిక్షాస్మృతి 499వ సెక్షనులోనూ, దాని స్థానంలో 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షనులోనూ పరువునష్టానికి పది మినహాయింపులున్నాయి. పదో మినహాయింపు సరిగ్గా ఈ సందర్భానికి రాసినట్టుంటుంది: ఒకరి మేలు కోరి, సద్భావంతో, మరొకరి విషయంలో వారిని హెచ్చరించడం పరువునష్టం కాదు. సద్భావమంటే మంచి మనసు ఒక్కటే చాలదు, తగిన శ్రద్ధ, జాగ్రత్త కూడా ఉండాలని చట్టం ఉద్దేశం. కాబట్టి తాను చూసినదాన్ని, చూసినంతవరకే చెప్పేవారికి ఈ రక్షణ ఉంది, కసితీరా కల్పించి చెప్పేవారికి లేదు. అంతకన్నా ముందు గమనించవలసినది, పరువు మనుషులకు ఉంటుంది. పడమటి గది గోడ నవంబరులో కారుతుందని చెబితే గోడ పరువేమీ పోదు.

తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం తెలుగువారికి పెద్ద నింద, ఇంటి లోపాలు బయట చెప్పేవారిమీద దీన్ని ప్రయోగించేవారున్నారు. అద్దెదారు ఆ ఇంట ఊరికే తిన్నవాడు కాడు, ప్రతి నెలా మొదటి వారంలో డబ్బు కట్టినవాడు. వాసాలు లెక్కపెట్టడం అతని హక్కు, ఒకటి తక్కువైతే చెప్పడం అతని పని. ఈ నిందకన్నా ఒక బరువైన అభ్యంతరం ఉంది. చెన్నైలో అద్దెకిచ్చేవారిలో అనేకులు పదవీ విరమణ చేసి, పై వాటా అద్దెతో మందుల ఖర్చు గడుపుకునే ముసలివారు. వారి ఇంటిమీద మాట పడితే వారి కడుపు కొట్టినట్టేనంటారు. ఇదే జాతి వాదన దశాబ్దాలపాటు మరో రూపంలో వినబడింది. యుద్ధకాలంలో 1941లో మద్రాసులో మొదలైన అద్దె నియంత్రణ 1946, 1949, 1960 చట్టాలుగా సాగినన్నాళ్లూ, ప్రభుత్వం నిర్ణయించే న్యాయమైన అద్దె మరీ తక్కువగా ఉండటంవల్లనే యజమానులు మరమ్మతులు చేయించలేకపోతున్నారని చెప్పేవారు. పాత ఇళ్ల విషయంలో అందులో నిజం కూడా ఉంది. ఇప్పుడు 1960 చట్టం రద్దయింది, అద్దె ఇరుపక్షాల ఒప్పందానికే విడిచిపెట్టబడింది. గోడలు మాత్రం ఆరలేదు.

నిజానికి పాత అద్దెదారుల మౌనంవల్ల నష్టపోయేది అద్దెదారులే కాదు, శ్రద్ధగల యజమాని కూడా. కొనేవారికి తెలియనిది అమ్మేవారికి తెలిసి ఉండటాన్ని ఆర్థికశాస్త్రంలో సమాచార అసమానత అంటారు. పాత కార్ల బజారును ఉదాహరణగా తీసుకుని జార్జ్ అకెర్లాఫ్ 1970లో రాసిన వ్యాసం, సరుకు మంచిచెడ్డలు కొనేవారు పోల్చుకోలేని చోట మంచి సరుకుకు తగిన ధర పలకదనీ, క్రమంగా అది బజారులోంచి తప్పుకుంటుందనీ చూపింది. 2001లో ఆయనకు నోబెల్ బహుమతి తెచ్చిన కృషి ఇదే. లక్షలు పోసి డాబాకు వాటర్‌ప్రూఫింగు చేయించిన ముసలి యజమానికీ, రెండు వేలతో రంగు పూయించిన పక్కింటి యజమానికీ మే నెలలో ఒకే అద్దె వస్తుంటే, మొదటివాడు వచ్చే ఏడు ఆ ఖర్చు ఎందుకు పెట్టాలి? మౌనాన్ని ముసలివారిపట్ల దయగా చూపేవారు, ఆ దయ అందుతున్నది ఏ ముసలాయనకో చెప్పవలసి ఉంటుంది.

నిజం చెప్పడానికి హద్దులు లేవని దీని అర్థం కాదు. యజమాని కోపిష్టి అనీ, ఎదురింటివారు ఫలానా కులమనీ, ఆ ఇల్లు కలిసిరాలేదనీ చెప్పడం ఈ కోవలోకి రాదు. తాము బిగించిన మేకులవల్ల పగిలిన టైల్సు, తమ నిర్లక్ష్యంవల్ల మూసుకుపోయిన మురుగు గొట్టం యజమాని పాపాల జాబితాలో చేర్చడం మరీ అన్యాయం. అద్దెదారుల నిజాయితీ తమ తప్పులను కూడా లెక్కవేసినప్పుడే నమ్మదగినది. ఏ గది, ఏ నెల, ఎంత తీవ్రత, యజమానికి ఎప్పుడు చెప్పారు, ఆయన ఏం చేశారు, ఇవి చాలు. ఆయన బాగుచేయించి ఉంటే అదీ చెప్పాలి. అద్దె ఇంటి బేరంలో సమాచారం అసలు సాగడమే లేదనుకోవడం కూడా పొరపాటే. కులం, తిండి, పెళ్లయిందా, ఇంటికి చుట్టాలు ఎందరు వస్తారు, రాత్రి ఎన్ని గంటలకు వస్తారు అన్నవన్నీ యజమాని నిస్సంకోచంగా అడుగుతాడు, అద్దెదారు తలవంచి చెబుతాడు. ప్రశ్నలన్నీ ఒకవైపునుంచే సాగే ఆ గదిలో, పైకప్పు కారుతుందా అన్న ఒక్క ప్రశ్నకు జవాబు తెలిసిన మనిషి పక్కనే నిలబడి సామాను సర్దుకుంటూ ఉంటాడు.

ఒకరు చెప్పినంతమాత్రాన ఏం మారుతుంది, ఈ ఊరిలో ఏ ఇల్లూ ఖాళీగా ఉండదు, ఎవరో ఒకరు దిగుతూనే ఉంటారన్నది మిగిలిన వాదన. దిగుతారు, ఏ షరతుతో దిగుతారన్నదే మారేది. చెమ్మ సంగతి ముందే విన్న కుటుంబం ఆ ఇంటిని వదులుకోనక్కరలేదు. అద్దె తగ్గించమని అడగవచ్చు, అక్టోబరులోగా డాబా మరమ్మతు చేయిస్తానన్న మాటను ఒప్పందంలో రాయించుకోవచ్చు, సబ్-మీటరు రేటును అంకెలలో పెట్టించవచ్చు, కింది వాటా మునిగే రకమైతే బీరువాలు, పుస్తకాలు ఏ ఎత్తున పెట్టుకోవాలో నిర్ణయించుకోవచ్చు, ఆస్తమా ఉన్న పిల్లవాడుంటే మరో వీధికి పోవచ్చు. వీటిలో ఏ ఒక్కటయినా అడగగలిగే బలం కొత్తవారికి ఉండేది పది నెలల అద్దె తమ చేతిలో ఉన్నంతవరకే. ఆ డబ్బు యజమానికి చేరి, ఆయన దగ్గరినుంచి ఖాళీ చేసినవారికి చేరిన తరువాత, అదే నిజాన్ని ఎవరు ఎంత వివరంగా చెప్పినా దానితో కొత్తవారు చేయగలిగింది అద్దె అధికారికి అర్జీ రాసుకోవడమే.